ఇంట్లో కూర్చుని ఆటోక్యాడ్ – 6వ భాగం: గోడలను 0 లేయర్ నుంచి ఖాళీ చేయిద్దాం

పోయిన భాగంలో, కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌తో 30×40 సైటులో ఇంటి ప్లాను గీశాం కదా, బయట 9 అంగుళాల గోడలు, లోపల నాలుగున్నర అంగుళాలవి. అవన్నీ ఇప్పుడు 0 లేయర్లోనే ఉన్నాయి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితం లాంటిది, 0 అనేది ఆటోక్యాడ్ తనంతట తానే ఇచ్చేది. తప్పు మీది కాదు, వేరే లేయర్ సంగతి నేనే చెప్పలేదు.

ఎల్‌ఏ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. వచ్చిన పట్టీలో కొత్త లేయర్ గుర్తు నొక్కి ఎ-వాల్, ఎ-డోర్, ఇ-లైట్ అని మూడు చేసుకోండి. ముందున్న అక్షరం పని ఎవరిదో చెబుతుంది, ఎ అంటే ఆర్కిటెక్చర్, ఇ అంటే ఎలక్ట్రికల్. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ పద్ధతి ఇది. ఒక్కో లేయర్‌కి ఒక్కో రంగు ఇవ్వండి.

ఇప్పుడు గోడలన్నీ సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లోని లేయర్ల జాబితాలో ఎ-వాల్ నొక్కండి. రంగు మారిందా? మారకపోతే, ఇదివరకు ఆ గీతలకు మీరు విడిగా రంగు వేసి ఉంటారు, అప్పుడు లేయర్ మాట అవి వినవు. సెలెక్షన్ అలాగే ఉంచి ప్రాపర్టీస్‌లో రంగును బైలేయర్‌కి, అంటే లేయర్ రంగునే తీసుకునేలా, మార్చండి. గీతలకు విడిగా రంగులు వేసే అలవాటు మాత్రం ఇవాళే మానేయండి, ఇంకొకరి డ్రాయింగ్ సరిచేయాల్సి వచ్చినప్పుడు నాకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది అదే.

ఇక బల్బు గుర్తు, మంచు గుర్తు. రెండూ లేయర్‌ను కంటికి కనబడకుండా చేస్తాయి కాబట్టి రెండూ ఒకటేలే అనుకుని నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను: గోడల లేయర్ బల్బు ఆర్పేసి, తెర మీద మిగిలిన లైట్ పాయింట్లు చెరిపేద్దామని ఎరేజ్ ఇచ్చి, ఆల్ అని కొట్టి, సేవ్ చేసి, మూసేసి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు తెరిస్తే గోడల్లేవు! బల్బు ఆర్పితే గీతలు కనబడవంతే, ఆల్ అన్నప్పుడు అవీ సెలెక్ట్ అవుతాయి. మంచు గుర్తుతో ఫ్రీజ్ చేసినా, తాళం గుర్తు నొక్కి లాక్ చేసినా ఆల్ వాటి జోలికి పోదు. అయితే ప్రస్తుతం గీస్తున్న లేయర్‌ను ఫ్రీజ్ చేయనివ్వదు, ముందు వేరే లేయర్‌కి మారాలి.

మరి 0 లేయర్‌ని తీసేయొచ్చా? తీయలేం, పేరూ మార్చలేం. దాన్ని బ్లాకుల కోసం, అంటే ఒకసారి గీసి ఎన్నిసార్లయినా పెట్టుకునే బొమ్మల కోసం, అట్టిపెట్టుకోండి. 0లో బైలేయర్‌తో గీసి బ్లాక్ చేసిన తలుపు, ఏ లేయర్లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకుంటుంది. వచ్చే భాగంలో ఆ తలుపే చేద్దాం. ఈలోగా మీ ప్లానులో 0 లేయర్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఫ్రీజ్ చేసి చూడండి, తెర మీద ఒక్క గీత కూడా మిగలకూడదు.