మొక్కల్లో ఎంజైమ్ నిరోధకాల వేట – 4: చింతగింజ పొట్టు చేసిన మోసం

పోయిన పాఠం చూసి, చింతగింజల సారం ట్రిప్సిన్‌ని (ప్రొటీన్లను ముక్కలు చేసే జీర్ణ ఎంజైమ్) ఆపుతుందేమోనని ప్రయోగం చేసినవాళ్లలో చాలామందికి అది నూటికి నూరు శాతం ఆగిపోయిందట. అప్పుడే సంబరపడకండి. తప్పులో సగం నాది. గింజలు పొడి చేయమన్నాను గానీ పొట్టు తీయమనలేదు, ఆ మాత్రం తెలుసు కదా అనుకున్నాను. ఈసారి మొదలుపెడదామనుకున్న ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే నిరోధకం మోతాదు) లెక్క వాయిదా.

చింతగింజ పప్పులో అసలైన ట్రిప్సిన్ నిరోధకం ఉంది. శాస్త్రవేత్త కునిట్జ్ 1945లో సోయా నుంచి స్ఫటికాలుగా తీసిన ప్రొటీన్‌కి అది చుట్టమే. ఎర్రటి పొట్టులో ఉండేది మాత్రం టానిన్ అనే ఒగరు పదార్థం. నిరోధకం కత్తికి ఒరలా ట్రిప్సిన్‌కి అమరుతుంది. టానిన్‌కి ఆ పట్టింపు లేదు, దొరికిన ప్రొటీన్‌నల్లా పట్టుకుని ముద్ద చేస్తుంది. పచ్చి నేరేడుకాయ కొరికితే నోరు ఒగరెక్కేది ఇందుకే, అక్కడ చిక్కేది లాలాజలంలోని ప్రొటీన్. మీ పరీక్ష గొట్టంలో చిక్కింది ట్రిప్సిన్. ట్రిప్సిన్ పనిచేస్తే వచ్చే పసుపు రంగు రాలేదు, ఆ రంగుని కొలిచే 410 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పడిపోయింది, మీరు "నిరోధకం!" అన్నారు.

పొట్టు తీయడానికి ఇంట్లోలా గింజలు వేయించకండి, వెతుకుతున్న ప్రొటీనే పాడవుతుంది. పగలగొట్టి బ్లేడుతో గీకండి. విసుగే, కానీ నేనిప్పటికీ అంతే. సారం చల్లటి బఫర్లోనే (ఆమ్లత మారకుండా చూసే ద్రావణం) తీయాలి. వేడి తగిలితే జిగురు కడుతుంది, కొండపల్లి బొమ్మల మక్కులో రంపపుపొట్టుని పట్టి ఉంచే జిగురు ఇదే. తర్వాత నూటికి రెండు వంతుల పీవీపీపీ (టానిన్‌ని పట్టుకునే, నీళ్లలో కరగని పాలిమర్) పొడి కలిపి, అరగంట తిప్పి, సెంట్రిఫ్యూజ్ చేయండి. టానిన్ పొడితో పాటు అడుక్కి పోతుంది. నిరోధం కూడా దానితోనే పోయిందంటే మీరు చూసింది టానిన్ పనే.

అదే సారాన్ని అమైలేజ్ (పిండిపదార్థాన్ని ముక్కలు చేసే ఎంజైమ్) మీద కూడా వేసి చూడండి. రెండింటినీ ఆపితే అనుమానించాలి. రాగులు మినహాయింపు: వాటిలో ఒకే ప్రొటీన్ నిజంగానే రెండింటినీ ఆపుతుంది.

ఇక బ్లాంకు సంగతి, అంటే ఎంజైమ్ పని లేకుండా సారం సొంత రంగెంతో చూపే గొట్టం. ప్రతి సారానికీ దాని సొంత బ్లాంకు ఉండాలి, అందులో ఎంజైమ్ కంటే ముందు, దాన్ని ఆపేసే ఎసిటిక్ ఆమ్లం పడాలి. కంట్రోల్ (సారం వేయని గొట్టం) 0.80, సారం 0.58, సారం బ్లాంకు 0.34 అనుకోండి. మిగిలేది 0.24, అంటే 70 శాతం నిరోధం. బ్లాంకు మరిస్తే 27.5 మాత్రమే. కంట్రోల్ బ్లాంకు ఇప్పటికే తీసేశాననుకోండి.

అభ్యాసం: పొట్టు, పప్పు, మొత్తం గింజ. ఒక్కోటి పీవీపీపీతో, లేకుండా. మళ్లీ ప్రతిదీ పది నిమిషాలు మరిగించి, మరిగించకుండా. మూడేసి సార్లు చేస్తే 36 గొట్టాలు, బ్లాంకులు 12. ఒక్క పూటలో తేలదు, ట్రిప్సిన్ మంచులోనే ఉంచండి.