పాత అవుట్‌బోర్డ్ పడవకు స్టీరింగ్ ఎంచుకునే ముందు

మోటారును వెనుక బయటివైపు బిగించిన (అవుట్‌బోర్డ్) పాత పడవలో స్టీరింగ్ చక్రం బిగుసుకుపోయిందని వెంటనే, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ కొనకుండా, ముందుగా కేబుల్‌ను మోటారుతో కలిపే కడ్డీని విప్పి, చక్రాన్నీ మోటారునూ విడివిడిగా తిప్పి చూడండి. మోటారే కదలకపోతే దాని ఇరుసులో గ్రీజు గట్టిపడి ఉంటుంది కనుక, ఎంత ఖరీదైన స్టీరింగ్ బిగించినా ప్రయోజనం ఉండదు. చక్రమే బరువుగా తిరుగుతుంటే లోపం కేబుల్‌లోనో, చక్రం వెనుకనున్న గేర్లలోనో ఉన్నట్టు. తొడుగు లోపల తుప్పు పట్టిన కేబుల్‌ను మార్చడమే క్షేమం, ఇందులో పొదుపు చూడవద్దు.

40, 50 హార్స్‌పవర్ మోటారుకు మామూలు కేబుల్ స్టీరింగ్ సరిపోతుంది. అంతకన్నా శక్తిగల మోటారు ప్రొపెల్లర్ తిరుగుడుకు చక్రాన్ని ఒక పక్కకు లాగుతుంటే, చేయి తీసినా చక్రాన్ని నిలిపి ఉంచే నో-ఫీడ్‌బ్యాక్ రకం నాకు మేలనిపిస్తుంది. 150 హార్స్‌పవర్ దాటినప్పుడు హైడ్రాలిక్‌కు పెట్టే ఖర్చు వృథా కాదు.

కొత్త కేబుల్ పొడవు కోసం పాతదాని తొడుగుపై ముద్రించిన సంఖ్యను చూడండి; చాలా రకాల్లో చివరి రెండు అంకెలు అడుగులను సూచిస్తాయి. బిగించాక, కేబుల్ చివరి కడ్డీని, అది జారే మోటారు బిగింపులోని గొట్టంలోకి పూర్తిగా లాక్కున్న తరువాతే గ్రీజు ఎక్కించండి. కడ్డీ బయటకు చాచి ఉండగా ఎక్కిస్తే గ్రీజు ఒత్తిడికి స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.