సిమెంటు కట్టు వేసే ముందు: కొత్త ఆర్థో రెసిడెంట్లకు జాగ్రత్తలు

క్యాజువాలిటీలో ఎంత రద్దీ ఉన్నా, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) రోల్ నీళ్లలో ముంచే ముందు ఇవి చూసుకోండి.

– పేషెంట్ పేరు, ఏ వైపు, ఎక్స్‌రే: మూడూ మీరే సరిచూడండి. విరిగిన ఎముకకు పైన, కింద ఉన్న కీళ్లు కూడా ఫిల్మ్‌లో పడాలి.

– ఉంగరాలు, గాజులు తీయించండి. "రావట్లేదు సార్" అంటే సబ్బు నీళ్లు, అప్పటికీ రాకపోతే రింగ్ కట్టర్.

– నాడి, స్పర్శ, వేళ్ల కదలిక చూసి టైమ్‌తో సహా కేసు షీట్‌లో రాయండి. గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు ఎర్రదనం తిరిగి రావాలి. ఇది రాయలేదనుకోండి, ముందే ఉన్న నరం దెబ్బ కూడా రేపు మీ కట్టు ఖాతాలోకే వస్తుంది.

– దెబ్బ తాజాదైతే చుట్టూ బిగించొద్దు, వాపుకు చోటు కావాలి. స్లాబ్ (చుట్టూ మూయకుండా ఒక వైపు వేసే కట్టు) చాలు.

– దూది 2-3 పొరలు. మోకాలి బయటి వైపు ఫిబులా (మోకాలి కింద బయటి ఎముక) తల దగ్గర ఇంకాస్త ఎక్కువ. అక్కడ నరం చర్మం కిందే ఉంటుంది. నొక్కుకుపోతే పాదం పైకి లేవదు.

– నీళ్లు గోరువెచ్చన దాటొద్దు. త్వరగా గట్టిపడుతుందని నేనూ ఓసారి వేడినీళ్లు వాడాను. "మండుతోంది" అని పేషెంట్ అరిచేసరికి అంతా విప్పాల్సి వచ్చింది.

– కట్టు కోసే రంపం పనిచేస్తోందా? ఇప్పుడే ఆన్ చేసి చూడండి. రాత్రి వేళ్లు కదిపితేనే నొప్పి భరించలేకపోతున్నాడంటే ఇంజెక్షన్‌తో సరిపెట్టకండి. దూదితో సహా కట్టు చీల్చి, సీనియర్‌ని నిద్ర లేపండి.