బేస్‌బాల్ స్కోరుకార్డు రాయడం, 4వ పాఠం: జాకీ రాబిన్‌సన్ నాలుగు గళ్లు

ఈ పాఠంలో బేసు దొంగతనాలు (ఎవరూ కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేసుకు పరిగెత్తి చేరడం) మొదలుపెట్టాలి. అవి వచ్చే పాఠానికి వాయిదా. గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట పడ్డారు, దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్తే తర్వాత రాసేదంతా తప్పుతుంది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్) బంతి అందుకుని మొదటి బేసుకు విసిరి అవుట్ చేస్తే గడిలో, అంటే బ్యాటర్ ఆ ఒక్కసారి ఏం చేశాడో రాసే చోట, 6-3 రాయాలి. మీ కార్డుల్లో ఆ 6 ఉండాల్సిన చోట షార్ట్‌స్టాప్ చొక్కా మీది అంకె వచ్చింది. కొందరు బ్యాటింగ్ వరుసలో అతని స్థానం వేశారు.

ఒక ఆటగాడికి మూడు అంకెలు ఉంటాయి. చొక్కా అంకె, బ్యాటింగ్ వరుస అంకె, ఫీల్డింగ్ స్థానం అంకె. గడిలోకి వెళ్లేది మూడోది ఒక్కటే. చొక్కా అంకె కార్డు ఎడమ అంచున పేరు పక్కన ఒక్కసారి రాసి వదిలేయాలి. బ్యాటింగ్ వరుసను విడిగా రాయనక్కర్లేదు, మొదటి అడ్డువరుసలో ఉన్నవాడు మొదటివాడు, అంతే.

ఈ గందరగోళం ఎక్కడినుంచి వచ్చిందో 1929 నాటి న్యూయార్క్ యాంకీలు అనే జట్టును చూస్తే తెలుస్తుంది. ఆ ఏడు యాంకీలు చొక్కాల మీద శాశ్వతంగా అంకెలు వేయించారు, అవి బ్యాటింగ్ వరుస ప్రకారమే ఇచ్చారు. మూడో స్థానంలో ఆడే బేబ్ రూత్‌కు 3, నాలుగో స్థానంలో ఆడే లూ గెరిగ్‌కు 4. గెరిగ్ నిలబడేది మొదటి బేసు దగ్గర, ఆ స్థానం అంకె 3. రూత్ యాంకీ స్టేడియంలో కుడి ఫీల్డ్‌లో ఆడేవాడు, అది 9. కార్డులో 3 అని కనిపించగానే రూత్ అనుకుంటే, గెరిగ్ పట్టిన ప్రతి బంతినీ రూత్ ఖాతాలో వేసినట్టే. చొక్కా అంకెలను ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి ఇంకో రోజుంది. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న మేజర్ లీగు (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్) మైదానాల్లో అందరి వీపు మీదా 42 ఉంటుంది. ఆ రోజు చొక్కా చూసి కార్డు నింపడం అసాధ్యం.

స్థానాల అంకెలు గత పాఠంలో వచ్చాయి కాబట్టి ఒక్కసారే చెబుతాను. పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక అందుకునేవాడు) 2, మొదటి బేసు 3, రెండో బేసు 4, మూడో బేసు 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఫీల్డ్ 7, మధ్య ఫీల్డ్ 8, కుడి ఫీల్డ్ 9. షార్ట్‌స్టాప్ రెండో, మూడో బేసుల మధ్య నిలబడతాడు కదా, అతనికి 5 ఎందుకు రాలేదని అడగవద్దు. ముందు బేసుల దగ్గర ఉన్నవాళ్లను వరుసగా లెక్కించి, ఆ తర్వాత బేసు లేనివాణ్ని లెక్కించారని గుర్తుపెట్టుకోండి, ఇక తప్పదు.

ఇప్పుడు ఆ 42 ఎవరిదో, అతని వరుసే నింపుదాం. 1947 ఏప్రిల్ 15, బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్. డాడ్జర్స్, బోస్టన్ బ్రేవ్స్ మధ్య ఆట. జాకీ రాబిన్‌సన్ చొక్కా 42, బ్యాటింగ్ రెండో స్థానం, ఫీల్డింగ్ మొదటి బేసు, అంటే 3. మేజర్ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు పందొమ్మిదో శతాబ్దపు చివరి నుంచి మూసి ఉన్న తలుపు ఆ రోజు తెరుచుకుంది. మర్నాడు పేపర్లో అతని పేరు పక్కన ఉన్న బ్యాటింగ్ అంకెలు మూడే: 3, 1, 0. మూడు ఎట్-బ్యాట్లు (సగటు లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలు), ఒక పరుగు, సున్నా హిట్లు (కొట్టి, ఫీల్డర్ తప్పు లేకుండా బేసు చేరినవి). ఆ మూడు అంకెలతో ఆట తెలియదు. గళ్లు తెరవాలి.

మొదటి గడి. బంతి నేల మీద మూడో బేసుమన్ దగ్గరికి వెళ్లింది, అతను మొదటి బేసుకు విసిరాడు. 5-3. మూడో బేసుమన్‌కు అసిస్ట్ (అవుట్‌కు సాయం), మొదటి బేసుమన్‌కు పుటవుట్ (అవుట్ పూర్తిచేయడం).

రెండో గడి. ఎడమ ఫీల్డ్‌లో గాల్లో పట్టారు. ఎఫ్7, 'ఎఫ్' అంటే గాల్లోకి లేచిన బంతి. క్రికెట్ స్కోరుబుక్ అలవాటున్నవాళ్లు ఇక్కడ పిచర్ అంకె కూడా కలిపి 7-1 అని రాస్తున్నారు. క్యాచ్ పడితే బౌలర్‌కు వికెట్ ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. బేస్‌బాల్ గడిలో బంతిని తాకినవాళ్లే ఉంటారు, తాకిన క్రమంలో. నిజానికి ఈ కార్డును ఇప్పుడున్న రూపానికి తెచ్చినవారిలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడే. స్ట్రైక్ అవుట్‌కు (మూడు స్ట్రైకులతో అవుటవడానికి) వాడే 'కె' కూడా ఆయన ఎంచుకున్నదే. 'ఎస్' అప్పటికే సాక్రిఫైస్‌కు (తన అవకాశం వదులుకుని రన్నర్‌ను ముందుకు జరపడానికి) పోయింది కాబట్టి 'స్ట్రక్' మాటలోని చివరి అక్షరం తీసుకున్నాడు.

మూడో గడి. 6-4-3, పక్కన డబుల్ ప్లే గుర్తుగా డిపి. షార్ట్‌స్టాప్ బంతి తీశాడు, రెండో బేసు దగ్గర ఒక అవుట్, అక్కడినుంచి మొదటి బేసుకు విసిరి ఇంకో అవుట్. మొదటి బేసు మీద నుంచి వస్తూ అవుటైన రన్నర్ గడిలో 6-4 మాత్రమే రాయాలి, మూడంకెలూ రాయకండి. ప్రతి గడిలోనూ అవుట్ క్రమసంఖ్యను గుండ్రంలో వేయడం మరిచిపోవద్దు.

నాలుగో గడి దగ్గర ఆగుదాం. ఏడో ఇన్నింగ్సు, డాడ్జర్స్ 3-2తో వెనకబడి ఉన్నారు. ఎడ్డీ స్టాంకీ బేసు మీద ఉన్నాడు. అతన్ని ముందుకు జరపడానికి రాబిన్‌సన్ బంట్ చేశాడు, అంటే బంతిని మెల్లగా ముందుకు తోశాడు. బ్రేవ్స్ మొదటి బేసుమన్ బంతి తీసి విసిరితే అది పరిగెడుతున్న రాబిన్‌సన్‌ను తాకి పక్కకు పోయింది. స్టాంకీ మూడో బేసుకు, రాబిన్‌సన్ రెండో బేసుకు చేరారు. పీట్ రైజర్ డబుల్ (రెండు బేసుల హిట్) కొట్టాడు, ఇద్దరూ ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే హోమ్ బేసుకు వచ్చారు. స్కోరు 4-3. చివరికి డాడ్జర్స్ 5-3తో గెలిచారు.

ఈ గడిలో రాయాల్సినవి సాక్రిఫైస్ గుర్తు, దాని పక్కన ఇ3. 'ఇ' అంటే ఎర్రర్, 3 అంటే తప్పు చేసిన ఫీల్డర్ స్థానం. డైమండ్ (గడిలో నాలుగు బేసులను చూపే వజ్రాకారం) గీతను రెండో బేసు దాకా ఒకేసారి గీసి, అక్కడినుంచి ఇంటిదాకా రైజర్ పేరు మొదటి అక్షరం వేసి పూర్తిచేయండి. కొట్టినవాడి చొక్కా అంకె ఇక్కడ వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒప్పే గాని, పైన పడిన కష్టం చూశాక ఇంకో అంకెను గడిలోకి రానివ్వడం నాకు ఇష్టం లేదు. పరుగు పూర్తయింది కాబట్టి డైమండ్‌ను నింపండి. పెన్సిల్‌తోనే. స్కోరర్ హిట్‌ను ఎర్రర్‌గా మార్చితే పెన్నుతో రాసినది పాడవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాబిన్‌సన్ బ్యాట్ పట్టుకుని వచ్చింది నాలుగుసార్లు. పేపర్లో ఎట్-బ్యాట్లు మూడు. "ఒకటి ఎక్కడ పోయింది?" అని ప్రతిసారీ అడుగుతున్నారు, ఎట్-బ్యాట్ అంటే బ్యాటింగ్‌కు రావడమే అనుకుంటున్నారు. కాదు. సాక్రిఫైస్ బంట్ చేసినవాడు జట్టు కోసం తన అవకాశాన్ని వదులుకున్నాడు కాబట్టి దాన్ని సగటు (హిట్లను ఎట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) లెక్కలోంచి తీసేస్తారు. ఎర్రర్ వల్ల బతికాడు కాబట్టి హిట్ కూడా కాదు. క్రికెట్లో మిస్‌ఫీల్డ్ వల్ల వచ్చిన పరుగు బ్యాటర్‌కే పడుతుంది, ఇక్కడ పడదు. సాక్రిఫైస్ లేకుండా ఉత్త ఎర్రర్ మీద బేసు చేరితే మాత్రం అది ఎట్-బ్యాట్‌గానే లెక్క, హిట్ లేకుండా. ఆ తేడా మరిచిపోకండి. ఇంకోటి: ఎర్రర్ మీద బేసు చేరినవాడి పరుగు పిచర్ బాధ్యతగా లెక్కించే పరుగుల (ఎర్న్‌డ్ రన్) ఖాతాలోకి వెళ్లదు.

ఈ భాగహారంలో కింది అంకె ఎంత గట్టిదో 1941 చెబుతుంది. బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ సెప్టెంబరు 28 ఉదయానికి 448 ఎట్-బ్యాట్లలో 179 హిట్లు, అంటే .39955. గుండ్రం చేస్తే .400. ఇక ఆడకుండా కూర్చోవచ్చు. అతను ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు ఆటలూ ఆడి 8కి 6 కొట్టాడు. 456కి 185, అంటే .406. ఆ ఏడు గాల్లో కొట్టి పట్టుబడి, మూడో బేసు మీదివాణ్ని ఇంటికి రప్పించినా, అది ఎట్-బ్యాట్‌గానే పడేది. 1954 నుంచి పడదు. ఇప్పటి నియమంతో లెక్కిస్తే అతని సగటు ఇంకా పెరుగుతుంది. దానికి ఎదురుగా 1887 చూడండి. ఆ ఒక్క ఏడాది వాక్‌లను (పిచర్ చెడు బంతుల వల్ల కొట్టకుండానే దక్కే బేసులను) హిట్లుగా లెక్కించారు. సెయింట్ లూయిస్‌కు ఆడిన టిప్ ఓనీల్ సగటు .492 అని అచ్చయింది, వాక్‌లు తీసేస్తే .435. మనిషి అదే, కొట్టిన బంతులు అవే, లెక్క రాసే నియమం వేరు. పాత కార్డు చదివేటప్పుడు ముందు ఏడాది చూడండి.

రాసినవాడు లేకపోతే ఏమవుతుందో రాబిన్‌సన్ కథలోనే ఉంది. డాడ్జర్స్‌కు రాకముందు 1945లో అతను నీగ్రో లీగులలోని (నల్లజాతి ఆటగాళ్లకు విడిగా నడిచిన లీగులు) కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు ఆడాడు. ఆ లీగుల కార్డులు చాలావరకు మిగలలేదు. పరిశోధకులు చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కురియర్ లాంటి నల్లజాతి పత్రికల పాత సంచికలు తిరగేసి, బాక్స్‌స్కోర్లు (పేపర్లో అచ్చయ్యే ఆట అంకెల పట్టికలు) ఒక్కొక్కటిగా ఏరారు. 1920 నుంచి 1948 వరకు ఆడిన ఏడు నీగ్రో లీగులకు 2020 డిసెంబరులో మేజర్ లీగు హోదా వచ్చింది. 2024 మేలో వాటి లెక్కలను అధికారిక రికార్డుల్లో కలిపారు. హోమ్‌స్టెడ్ గ్రేస్ క్యాచర్ జాష్ గిబ్సన్ .372తో, అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ .367ను దాటాడు. గిబ్సన్ చనిపోయిన 77 ఏళ్లకు. ఎవరో ఒక ఊరి మైదానంలో కూర్చుని ఎట్-బ్యాట్‌ను సరిగ్గా గుర్తు పెట్టినందుకే ఆ భాగహారం సాధ్యమైంది. మీ గడి తప్పితే దాన్ని తర్వాత సరిచేసేవాడు ఉండడు.

అభ్యాసం. కష్టమైనదే ఇస్తున్నాను, రెండు సాయంత్రాలు పట్టవచ్చు. 1951 అక్టోబరు 3, పోలో గ్రౌండ్స్, తొమ్మిదో ఇన్నింగ్సు రెండో సగం. జెయింట్స్ 4-1తో వెనకబడి ఉన్నారు, డాడ్జర్స్ పిచర్ డాన్ న్యూకంబ్. ఆల్విన్ డార్క్ సింగిల్ (ఒక బేసు హిట్). డాన్ మ్యూలర్ సింగిల్, డార్క్ మూడో బేసుకు. మాంటీ అర్విన్ కొట్టిన బంతిని మొదటి బేసుమన్ గాల్లో పట్టాడు. వైటీ లాక్‌మన్ ఎడమ వైపు డబుల్, డార్క్ ఇంటికి, మ్యూలర్ మూడో బేసుకు. అక్కడ మ్యూలర్ చీలమండ బెణికి తప్పుకుంటే క్లింట్ హార్టంగ్ అతని స్థానంలో రన్నర్‌గా వచ్చాడు. న్యూకంబ్ బదులు రాల్ఫ్ బ్రాంకా పిచింగ్‌కు వచ్చాడు. బాబీ థామ్సన్ రెండో బంతిని ఎడమ గోడ మీదుగా హోమ్ రన్ కొట్టాడు. ఆట 5-4.

అయిదుగురు బ్యాటర్ల గళ్లు గీయండి. పిచర్ మారినచోట అడ్డంగా మందపు గీత వేయండి. హార్టంగ్ పేరును మ్యూలర్ వరుసలోనే, గడికి ఎడమ పక్కన నిలువు గీతతో చేర్చాలి, కొత్త వరుస తెరవకూడదు. ఆ తర్వాత ఏ పరుగు ఎవరి ఖాతాలోదో రాయండి. రన్నర్ బేసు చేరినప్పుడు ఎవరు పిచింగ్ చేస్తున్నారో వాళ్లదే బాధ్యత. ఆ ఇన్నింగ్సులో న్యూకంబ్ ఖాతాలో మూడు, బ్రాంకా ఖాతాలో ఒకటి రావాలి, ఓటమి మాత్రం బ్రాంకాది. మీకు రెండు, రెండు వస్తే, హార్టంగ్ తర్వాత వచ్చాడు కదా అని అతని పరుగును బ్రాంకాకు వేశారన్నమాట. అతను నిలబడింది మ్యూలర్ స్థానంలో. మ్యూలర్ బేసు చేరింది న్యూకంబ్ బంతికి.