టూరిజం చదువుతున్నారా, జాబ్‌కి ముందే ఇవి చేతికి అలవాటు చేసుకోండి

బీబీఏ టూరిజం, ఎంటీటీఎం (టూరిజం పీజీ) చేస్తున్న పిల్లలు తరచూ అడుగుతుంటారు, అన్నా కాలేజీలో చెప్పింది జాబ్‌కి సరిపోతుందా అని. సగమే సరిపోతుంది. ఒక టూరిస్ట్ ప్లేస్ ఎలా పుట్టి, పెరిగి, తగ్గుతుందో బట్లర్ 1980లో చెప్పిన డెస్టినేషన్ లైఫ్ సైకిల్ అందరం పరీక్షలో రాసినవాళ్ళమే, అది అనవసరం అని నేననను, కానీ ట్రావెల్ ఆఫీసులో మొదటి రోజు మీ చేతిలో పెట్టేది ఎంక్వైరీ.

నాకు మొదటి వారంలోనే వచ్చింది. 14 మంది, హైదరాబాద్ నుంచి వరంగల్, రామప్ప, ఒక రాత్రి స్టే, అరగంటలో రేటు చెప్పమన్నారు. టెంపో ట్రావెలర్‌కి కిలోమీటర్ లెక్క వేశా, రూములు వేశా, డ్రైవర్ బేటా (రోజు భత్యం), టోల్, పార్కింగ్ వదిలేశా, బండి మీటరు గ్యారేజ్‌లో మొదలై మళ్ళీ గ్యారేజ్‌లోనే ఆగుతుందన్న సంగతి కాలేజీ మూడేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. ఆ ట్రిప్‌లో ఆఫీసుకి మిగిలింది ఏమీ లేదు.

అందుకే వారానికి ఒక కోటేషన్ మీరే ఎక్సెల్‌లో వేయండి. అరకు తీసుకోండి, లేపాక్షి తీసుకోండి, బండివాళ్ళకి, హోటల్‌కి నిజంగా ఫోన్ చేసి రేట్లు కనుక్కోండి. 14 మందికి ఏడు రూములు, 13 మంది అయితే ఒకరు ఒంటరిగా ఉంటారు, ఆ ఎక్స్‌ట్రా ఎవరు కట్టాలి? పది మందే వస్తే బండి ఖర్చు మారదు కాబట్టి తలకి రేటు పెరుగుతుంది, అందుకే పది మందికి ఇంత, పద్నాలుగు మందికి ఇంత అని విడివిడిగా ఇవ్వాలి, చివర్లో మార్జిన్, జీఎస్టీ.

టికెటింగ్‌కి వెళ్ళాలనుకుంటే ఫ్లైట్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ అమేడియస్‌లో ఏఎన్ (సీట్లు ఉన్నాయా చూడ్డం), ఎస్ఎస్ (సీటు తీసుకోవడం), ఎన్ఎమ్ (పేరు ఎక్కించడం) ఎంట్రీలు ల్యాబ్‌లో వేళ్ళకి వచ్చేదాకా కొట్టండి. అంతకన్నా ముఖ్యం పేర్లు. మన ఊళ్ళల్లో చాలామందికి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, 2022 నవంబర్‌లో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లకి విజిట్ వీసా ఆపేసినప్పుడు తెలిసింది ఆ ఖాళీ గడి ఎంత పని చేస్తుందో. పాస్‌పోర్ట్ చూడకుండా, నోటితో చెప్పిన పేరు టైప్ చేయొద్దు.

గైడింగ్ ఇష్టమైతే చుట్టాలనే రామప్ప తీసుకెళ్ళండి. గుడి కట్టిన 1213, కట్టించిన రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు, ఇవి ఎలాగూ వచ్చే ఉంటాయి. కానీ వాళ్ళు అడిగేది నీళ్ళలో తేలే ఇటుక నిజమేనా, బాత్రూమ్ ఎక్కడ, అమ్మమ్మ ఆ మెట్లు ఎక్కగలదా అని. మీ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంటికొచ్చి వినండి, ఎక్కడ జనం పక్కకి జారుకున్నారో మీకే తెలుస్తుంది.

ఇంటర్న్‌షిప్‌లో ఫ్రంట్ డెస్క్ దగ్గర కూర్చోబెట్టి జిరాక్స్‌లు తీయిస్తుంటే ఊరుకోవద్దు, సార్ నన్ను ఒక్క నెల ఆపరేషన్స్‌లో (ట్రిప్పులు నడిపే చోట) వేయండి అని నోరు తెరిచి అడగండి. ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు మీరు వేసిన కోటేషన్లు మూడు ప్రింట్ తీసుకుని వెళ్ళండి, అడగకపోయినా టేబుల్ మీద పెట్టండి.