ఎకో నేర్చుకుందాం – 4వ పాఠం: ఇ.ఎఫ్. కొలిచే ముందు గుండె కొన చూడండి

పోయిన పాఠంలో ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) ఎపికల్ ఫోర్ చాంబర్ వ్యూ, అంటే గుండె కొన వైపు నుంచి నాలుగు గదులూ కనిపించే బొమ్మ, తెచ్చుకోవడం దాకా వచ్చాం. ఈసారి ఆ బొమ్మ మీదే ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఇ.ఎఫ్.), అంటే ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో బీట్‌కి ఎంత శాతం బయటికి పోతుందో, కొలుద్దాం.

లెక్క చిన్నదే. ఎడమ జఠరిక నిండినప్పుడు 120 మి.లీ., పూర్తిగా ముడుచుకున్నాక 50 మి.లీ. అనుకోండి. బయటికి పోయింది 70. దాన్ని 120తో భాగిస్తే సుమారు 58 శాతం. మగవాళ్లలో 52–72, ఆడవాళ్లలో 54–74 మధ్య ఉంటే మామూలే.

చిక్కంతా బొమ్మతోనే. ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే స్కాన్ పరికరం) అసలు కొన మీద కాక కాస్త పైన ఉంటే, కిరణం జఠరికను ఏటవాలుగా కోస్తుంది. గది పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తుంది. ఘనపరిమాణం తక్కువ వస్తుంది, ఇ.ఎఫ్. మాత్రం చాలాసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో ఇలాంటి బొమ్మలు చూసి ‘ఎంత బాగా కొట్టుకుంటోందో’ అని నేనూ మురిసిపోయాను.

దొంగ కొనను పట్టుకోవడం ఇలా: క్లిప్ ఆడిస్తూ కొననే చూడండి. నిజమైన కొన గోడ పల్చన, దాదాపు కదలదు. మైట్రల్ వాల్వ్ (ఎడమ కర్ణిక, జఠరికల మధ్య కవాటం) మొదలే దాని వైపు దిగి వస్తుంది. అలా కాకుండా కొనే ఎగిరి వాల్వ్ వైపు దూకుతుంటే అది కొన కాదు. పేషెంట్‌ని బాగా ఎడమ పక్కకు తిప్పి, ప్రోబ్‌ను ఒక పక్కటెముక సందు కిందికి, ఇంకాస్త పక్కకు జరపండి. ఊపిరి వదిలి ఆపమనండి. టూ చాంబర్ వ్యూలోనూ (ఎడమ వైపు రెండు గదులే కనిపించే బొమ్మ) జఠరిక పొడవు కొలవండి. రెండింటి మధ్య తేడా 10 శాతం దాటితే మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇక ట్రేసింగ్, అంటే జఠరిక లోపలి అంచు వెంట గీత గీయడం. జఠరిక అన్నిటికన్నా పెద్దగా ఉన్న ఫ్రేమ్ ఒకటి, చిన్నగా ఉన్నది ఒకటి ఎంచుకోండి. గీత గట్టి కండరం అంచు వెంట నడవాలి. పాపిల్లరీ కండరాలను (వాల్వ్‌ను పట్టి ఉంచుతూ గదిలోకి పొడుచుకొచ్చేవి) గదిలోనే వదిలేయండి, వాటి చుట్టూ తిరగొద్దు. ఆ గీత ప్రకారం సింప్సన్ పద్ధతి జఠరికను 20 బిళ్లలుగా కోసి కూడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉంటే ఒక్క బీట్‌ను నమ్మకండి, కనీసం ఐదింటి సగటు తీయండి.

అభ్యాసం: ఒకే క్లిప్‌ను, పాత అంకె చూడకుండా, మూడుసార్లు ట్రేస్ చేయండి. 55, 60, 57 వచ్చాయా? కంగారు పడకండి, నా చేతిలోనూ అంతే.

మైట్రల్ వాల్వ్ బాగా లీకయ్యే గుండెలో ఇ.ఎఫ్. 65 ఉన్నా అందులో కొంత రక్తం వెనక్కే పోతుంది. ముందుకు ఎంత వెళ్లిందో, రక్తం వేగాన్ని చూపే డాప్లర్‌తో కొలవడం వచ్చే పాఠంలో.