ఖాళీ గడి వేరు, సున్నా వేరు: పైథాన్ స్క్రిప్ట్ ఆగిపోతుంటే

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా మావయ్యకు మర బోట్లున్నాయి. ఏ బోటు ఎన్ని కిలోలు తెచ్చిందో ఆయన రోజూ ఎక్సెల్‌లో రాస్తారు. ఆ ఫైలును సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలు) సేవ్ చేసి ఇస్తే నా పైథాన్ స్క్రిప్ట్ నెల లెక్క తీస్తుంది. మార్చి దాకా బాగానే నడిచి, ఏప్రిల్ ఫైలు దగ్గర ఆగిపోయింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల గడులన్నీ ఖాళీ.

సమస్య: వాల్యూఎర్రర్, ‘కుడ్ నాట్ కన్వర్ట్ స్ట్రింగ్ టు ఫ్లోట్’.
కారణం: ఖాళీ గడి ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. మాటను దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ ఫంక్షన్ దాన్ని మార్చలేకపోతుంది. గడిలో స్పేస్ ఒక్కటే ఉన్నా అంతే.
పరిష్కారం: ముందు స్ట్రిప్ చేయండి, అంటే అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేయండి. ఏమీ మిగలకపోతే నన్ (None, పైథాన్‌లో ‘విలువ లేదు’ అనే గుర్తు) పెట్టండి, సున్నా మాత్రం వద్దు. నేను మొదట సున్నాయే పెట్టాను. ఎర్రర్ పోయింది గానీ రోజు సగటు సగానికి పడిపోయింది. వేటకెళ్ళి ఉత్త వలతో తిరిగొచ్చిన రోజు సున్నా. దాని వెనక డీజిల్, ఐస్ ఖర్చుంది. అసలు బోటు కదలని రోజు ఖాళీ. రెండూ ఒకటేనంటే మావయ్య ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

సమస్య: మొత్తం కూడేటప్పుడు టైప్‌ఎర్రర్.
కారణం: నన్‌ను సంఖ్యతో కూడలేం.
పరిష్కారం: కూడే ముందు ‘ఈజ్ నాట్ నన్’ అని చూసి, నన్ కాని వాటినే ఏరి జాబితాలో పెట్టండి. ఉత్త ‘ఇఫ్ బరువు’ అని రాస్తే పైథాన్ సున్నాను కూడా ఫాల్స్‌గానే తీసుకుంటుంది, నిజమైన సున్నాలూ ఎగిరిపోతాయి. ఇక్కడ ఎర్రర్ ఏదీ రాదు. నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే.

సమస్య: నన్‌టైప్‌కు స్ట్రిప్ లేదంటూ అట్రిబ్యూట్‌ఎర్రర్.
కారణం: వరుసలో గడులు తక్కువైతే డిక్ట్‌రీడర్ (సీఎస్‌వీ వరుసలను చదివే పైథాన్ సాధనం) మిగతా వాటికి నన్ ఇస్తుంది.
పరిష్కారం: ‘ఆర్’ వాడి, నన్ ఉన్నచోట ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి అప్పుడు స్ట్రిప్ చేయండి.

మే ఫైలులో జీరోడివిజన్‌ఎర్రర్ వచ్చింది. నెలంతా నిషేధమే కాబట్టి ఏరాక జాబితాలో ఏమీ మిగల్లేదు, సగటు కోసం సున్నాతో భాగించాల్సి వచ్చింది. జాబితా ఖాళీ అయితే సగటు జోలికి పోకుండా ‘వేట లేదు’ అని చూపించండి.

ఇన్ని ఎర్రర్లు చూశాక మొత్తాన్నీ ట్రైలో పెట్టేసి, ఎక్సెప్ట్ కింద పాస్ రాయాలనిపిస్తుంది, అంటే ఏ ఎర్రర్ వచ్చినా చప్పుడు లేకుండా దాటేయడం. దయచేసి అలా చేయొద్దు. సంఖ్యగా మార్చే ఆ ఒక్క లైనునే ట్రైలో పెట్టి, వాల్యూఎర్రర్‌ను మాత్రమే పట్టుకోండి. వరుస నంబరు, గడిలో ఉన్న మాట ప్రింట్ చేయండి. జూన్ ఫైలులో నాకు అలాగే ఒక గడి దొరికింది. అందులో ‘120 కిలోలు’ అని ఉంది. మావయ్యకు ఫోన్ చేస్తే ‘కిలోలు’ తీసేసి ఫైలు మళ్ళీ పంపారు.